బ్రాకెట్ ముందు మైనస్

బుధవారం, మధ్యాహ్నం పన్నెండు

అక్కా,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. ఫోన్లో నీ గొంతు వింటే నాకు నోరు పెగలదు, అందుకే రాస్తున్నాను. మా సెంటర్ నుంచి రక్తం శాంపిళ్లు తీసుకుని రోజూ రెండు గంటలకి మీ ఊరి ల్యాబుకి వ్యాన్ వెళ్తుంది. ఈ కవరు ఆ డ్రైవరుకి ఇస్తున్నాను. బడి వదిలేసరికి నీకు అందుతుంది. అదే వ్యాన్ రేపు ఉదయం ఆరున్నరకి తిరిగి వస్తుంది. నీ జవాబు అందులో పంపు. ఎనిమిదింటిలోపు అది నా చేతిలో ఉండాలి.

నా ఉద్యోగం గురించి నువ్వెప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే నీకు అర్థం కాదు. మా డయాలసిస్ గదిలో ఆరు మంచాలు, ఆరు మెషీన్లు. కిడ్నీలు పనిచేయని వాళ్లు వారానికి మూడుసార్లు వస్తారు. తాగిన నీరు వాళ్ల ఒంట్లోనే ఉండిపోతుంది. మెషీన్ నాలుగు గంటల్లో ఆ నీటిని తీసేస్తుంది. ఎంత తీయాలో మాత్రం దానికి మేమే చెప్పాలి. నీరు పోయాక మనిషి ఎంత బరువుండాలో డాక్టరు గారు ఒక్కొక్కరికీ రాసి ఇస్తారు. దాన్ని డ్రై వెయిట్ అంటాం.

నడిచి వచ్చే వాళ్లతో చిక్కు లేదు. చక్రాల కుర్చీలో వచ్చే వాళ్లు నలుగురున్నారు. వాళ్లని కుర్చీతో సహా తూస్తాం. కుర్చీ పద్నాలుగు కిలోలు. ఆ నాలుగు గంటల్లో గొట్టాలు కడగడానికి మేమే సెలైన్ ఎక్కిస్తాం, వాళ్లూ కాసిని నీళ్లు తాగుతారు. ఆ ద్రవం కూడా లెక్కలోకి రావాలి. డాక్టరు గారి ఫారంలో ఉన్నది ఇది:

తీయాల్సిన నీరు = తూకం − (డ్రై వెయిట్ + కుర్చీ − ఇచ్చే ద్రవం)

పొద్దున్నే నలుగురూ ఒక్కసారి వచ్చి పడతారు. ఆ హడావిడిలో మా వాళ్లు ఈ బ్రాకెట్ దగ్గర తడబడేవాళ్లు. ఒకరోజు పెద్ద సిస్టర్, అంటే మా హెడ్ నర్సు, విసుక్కుంది.

"ఈ బ్రాకెట్ ఒకటి మన ప్రాణానికి! ఏమ్మా, మీ అక్క లెక్కల టీచరే కదా? దీన్ని విప్పి శుభ్రంగా ఒక్క వరసలో రాసి పెట్టు."

"నాకు లెక్కలు అంతంతమాత్రం సిస్టర్."

"టీచరు చెల్లెలివి, నీకు రాకపోతే మాకొస్తాయా? నాకైతే కూరగాయలవాడు చిల్లర ఎంతిస్తే అంతే!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రాదని రెండోసారి చెప్పడానికి సిగ్గేసింది. ఇలా రాశాను:

తీయాల్సిన నీరు = తూకం − డ్రై వెయిట్ − కుర్చీ − ఇచ్చే ద్రవం

పెద్ద సిస్టర్ చూడకుండానే సంతకం పెట్టింది. "నువ్వు చూశావుగా, మళ్లీ నేనెందుకు" అంది. లామినేషన్ చేయించి గోడకి తగిలించాం. కిందటి శనివారానికి ముందు శనివారం అది. పెద్ద అక్షరాల్లో, నీలం రంగులో, చాలా బాగుంది అక్కా. నిన్నటికి ఐదుసార్లు దాని ప్రకారమే మెషీన్లు పెట్టాం.

నిన్న మధ్యాహ్నం, డయాలసిస్ అయిపోయి ఇంటికి వెళ్తూ, గేటు దగ్గర ఆటో ఎక్కబోయి, ఆ నలుగురిలో ఒకాయన, మేం టైలరు అని పిలిచే ఆయన, కుర్చీలో ముందుకి వంగిపోయాడు. ఊపిరి అందడం లేదు. పెదాలు నల్లబడ్డాయి. ఆయన భార్య "ఇప్పుడే కదమ్మా నీళ్లు తీశారు, ఇప్పుడే కదమ్మా" అని నా చెయ్యి పట్టుకుని ఊపుతోంది. అంబులెన్స్ వచ్చి పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. ఆక్సిజన్ మీద ఉన్నాడని సాయంత్రం తెలిసింది.

ఈ ఉదయం స్టోరు గదిలో తలుపేసుకుని ఆయన కాగితం తీశాను. నిన్న తూకం 74.5. డ్రై వెయిట్ 58. కుర్చీ 14. ఇచ్చే ద్రవం 0.6. ఫారం ప్రకారం ముందు బ్రాకెట్ లోపలిది చేస్తే 71.4. అది 74.5లోంచి పోతే 3.1 లీటర్లు. నా చార్టు ప్రకారం చేస్తే 1.9. నాలుగుసార్లు చేశాను. ఒకే మనిషికి రెండు జవాబులు. మధ్యలో ఒకటింపావుకి కాస్త తక్కువ నీరు, ఆయన ఊపిరితిత్తుల మీద కూర్చుని ఉండొచ్చు.

కానీ అక్కా, నేను నువ్వు నేర్పినట్టే విప్పాను. నీకు గుర్తుందో లేదో. నేను ఎనిమిదో తరగతి, నువ్వు ఇంటర్. డాబా మీద పదిమంది పిల్లలకి ట్యూషన్ చెప్పేదానివి. బోర్డు మీద 5x − (2x − 9) = 21 అని రాశావు. నాకు నాలుగు వచ్చింది. పది రావాలన్నావు. నాలుగే వస్తోందన్నాను. చెంప మీద కొట్టావు. పదిమందీ నవ్వారు. "బ్రాకెట్ లోపలి మైనస్ మైనస్‌గానే ఉంటుంది" అని వందసార్లు రాయించావు. రాశాను. తప్పు చేశాను కాబట్టి కొట్టావు, దానికి నేనేమీ అనడం లేదు. కానీ ఆ రోజు నుంచీ బ్రాకెట్ ముందు మైనస్ కనిపిస్తే నాకు చెంప వేడెక్కుతుంది. అలాంటి లెక్కలన్నీ వదిలేసి మిగతా వాటితో పదో తరగతి గట్టెక్కాను. ఈ చార్టు రాసినప్పుడు కూడా ఒక్కసారి అంకెలు వేసి చూడలేదు. రాసేసి, పెన్ను మూత పెట్టేశాను.

నా చార్టే సరైనదని నువ్వు రాస్తే ఈ ఉత్తరం చింపేస్తాను. కాదంటే, సరైన చార్టు ఒకటి చేయించి సంచిలో పెట్టుకున్నాను. రేపు ఎవరూ రాకముందే పాతది తీసి అది తగిలిస్తాను. రంగూ అదే, అక్షరాలూ అవే. ఎవరికీ చెప్పను. ఎనిమిదింటికి మిగతా ముగ్గురూ వస్తారు, వాళ్లకి సరిగ్గా జరుగుతుంది, అది చాలు. ఫోన్ మోగినప్పుడల్లా పెద్దాసుపత్రి నుంచేమోనని గుమ్మం దాకా వెళ్లి వింటున్నాను.

ఏది సరైనదో చెప్పు. తిట్టాలనిపిస్తే ఆ తర్వాత తిట్టు.

నీ చెల్లి

*

బుధవారం, సాయంత్రం

పిచ్చుకా,

నీ చార్టు తప్పు. ముందు ఆ మాట చెప్పేస్తున్నాను, మిగతాది చదివేదాకా నిన్ను వేలాడదీయడం నాకిష్టం లేదు.

గుర్తులు కాసేపు పక్కన పెట్టు. టైలరుని చూడు. కుర్చీ తీసేస్తే ఆయన 60.5 కిలోలు. మీరు ఆయనకి ఇంకో 0.6 ఇవ్వబోతున్నారు. చివరికి 58 దగ్గర ఆగాలి. తీయాల్సింది x అనుకో. 60.5 + 0.6 − x = 58. చిన్నపిల్ల కూడా చెప్తుంది, x అంటే 3.1. మీరు ఇస్తున్న నీటిని కూడా మీరే తిరిగి తీయాలి కదా, అందుకే అది కలవాలి. నీ చార్టు దాన్ని తీసేసింది. ఒకసారి కలపనందుకూ, ఒకసారి తీసేసినందుకూ తేడా రెండింతలైంది: 1.2. బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపల ఉన్న ప్రతి గుర్తూ మారుతుంది. లోపలి మైనస్ బయటికి ప్లస్ అయి వస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఇదే చెప్తున్నాను పిల్లలకి.

ఇప్పుడు నేను చెప్పాల్సింది. రెండు కాగితాలు చింపేసి ఇది మూడోది రాస్తున్నాను.

5x − (2x − 9) = 21. x దగ్గర నాలుగు వేసి చూడు. ఇరవైలోంచి, ఎనిమిది మైనస్ తొమ్మిది, అంటే మైనస్ ఒకటి, తీసేస్తే ఇరవై ఒకటి. సరిపోయింది. పది వేసి చూడు. యాభైలోంచి పదకొండు పోతే ముప్ఫై తొమ్మిది. సరిపోలేదు. ఆ రోజు నీదే సరైన జవాబు. తప్పు నాది.

గుర్తుందో లేదో అన్నావు. పిల్లలు వెళ్లిపోయాక బోర్డు తుడవబోతూ, ఎందుకో పది వేసి చూశాను. ముప్ఫై తొమ్మిది వచ్చింది. నాలుగు వేసి చూశాను. నువ్వు కింద వరండాలో కూర్చుని ఇంకా వందసార్లు రాస్తున్నావు. పైనుంచి నాకు నీ పాపిట కనిపిస్తోంది. ఎన్నో వరస రాస్తున్నావో తెలియదు. బోర్డు తుడిచేశాను. దిగి వచ్చి "అయిందా" అని అడిగాను. అంతే.

మర్నాడు నీకు జ్వరం. ట్యూషన్ పిల్లలకి అదే లెక్క సరిగ్గా చెప్పాను, తప్పు జరిగిందన్న మాట మాత్రం అనలేదు. నీకూ తర్వాత చెప్పొచ్చనుకున్నాను. పదిమంది తల్లిదండ్రులు నన్ను నమ్మి పిల్లల్ని పంపుతున్నారు, ఇంటర్ చదివే పిల్లకి లెక్క రాదంటే ఎవరు పంపుతారని భయం. ఆ తర్వాత ఇంకో భయం: నువ్వు నన్ను చూసి భయపడటం మానేస్తావని. నువ్వు లెక్కలు వదిలేసినప్పుడు ఎందుకో నాకు తెలుసు. నాన్న "దీనికి బుర్ర లేదు" అన్నప్పుడు నేను పక్క గదిలోనే ఉన్నాను.

నేను ఎలా ఊరుకున్నానో నువ్వూ అలా ఊరుకోబోతున్నావు. రేపు ఆ చార్టు మార్చు. కానీ చెప్పి మార్చు. నువ్వు పనిచేసే చోటు గురించి నాకేమీ తెలియదు, ఉద్యోగం పోతుందేమో కూడా తెలియదు. పోతే మా ఇంటికి రా. ఒకటి మాత్రం తెలుసు. ఐదుసార్లు తప్పు అంకె పడిన ఒళ్లు ముగ్గురివి ఉన్నాయి. ఆ సంగతి తెలియని వాళ్లు రేపు వాళ్లకి వైద్యం చేయబోతున్నారు.

క్షమించమని అడగడానికి ఇది సమయం కాదు. ముందు ఆ పని చూడు.

అక్క

*

ఆదివారం, ఉదయం

అక్కా,

గేటు దగ్గర వ్యాన్ పక్కనే నిలబడి నీ ఉత్తరం చదివాను. డ్రైవరు "ఏమ్మా, చెడ్డ కబురా?" అని అడిగాడు. "లెక్కల ఉత్తరం" అన్నాను. అతను నా వైపు అదోలా చూసి వెళ్లిపోయాడు.

నీ మీద నాకు కోపంగా ఉంది. దాచుకోకుండా రాస్తున్నాను. ఇంకా ఎన్నాళ్లు ఉంటుందో చెప్పలేను. ఆ విషయం మనం కూర్చుని మాట్లాడుకోవాలి, కాగితం మీద తేలదు. ఇప్పుడు గురువారం ఏం జరిగిందో వరసగా రాస్తాను.

ఆరూ నలభైకి గదిలో ఎవరూ లేరు. కొత్త చార్టు సంచిలో ఉంది. గోడ దగ్గరికి వెళ్లి పాతదాని మీద చెయ్యి కూడా వేశాను. రెండు మేకులు, అరనిమిషం పని. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. వెనకనుంచి ఆయమ్మ తుడుపుకర్రతో వచ్చి, "ఏంటమ్మా, గోడతో మాట్లాడుతున్నావా?" అంది. చెయ్యి తీసేశాను. ధైర్యం వచ్చి తీయలేదక్కా, ఎవరో చూశారని తీశాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఏడుంపావుకి పెద్ద సిస్టర్ వచ్చింది. ఫారం, ఆవిడ సంతకం పెట్టిన నా చార్టు కాగితం రెండూ ముందు పెట్టి చెప్పాను. ఆవిడ మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత తన సంతకం చూసుకుంది.

"తలుపెయ్" అంది.

వేశాను.

"ఇంకెవరికి తెలుసు?"

"మా అక్కకి."

"మీ అక్క ఇక్కడ పనిచేయదుగా." గొంతు తగ్గించింది. "కొత్తది తెచ్చానంటున్నావు. తగిలించేద్దాం. ఇవాళ్టి నుంచి సరిగ్గానే జరుగుతుంది. నాకింకా మూడేళ్ల సర్వీసుంది పిల్లా."

నేను సరేనని ఉండేదాన్నేమో. కానీ అప్పటికే కండక్టరమ్మ వచ్చేసింది. ఆవిడ ఇరవై ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టి, కాలు పోయాక మానేసిన మనిషి. ఎప్పుడూ అందరికంటే ముందే వస్తుంది. ఆయమ్మ ఆవిడ కుర్చీని తూకం మీదికి ఎక్కించి, అంకె కేకేసి చెప్పింది. 62.7. డ్రై వెయిట్ 46, ఇచ్చే ద్రవం 0.6. నేను సరైన పద్ధతిలో లెక్క వేశాను. 3.3 లీటర్లు వచ్చింది.

పెద్ద సిస్టర్ కుర్చీలో కూర్చుండిపోయింది. నలభై ఆరు కిలోల ఒంట్లోంచి నాలుగు గంటల్లో రెండున్నర దాటి లాగితే బీపీ పడిపోతుంది, మనిషి మంచం మీదే చల్లబడిపోవచ్చు. మేం గుట్టుచప్పుడు కాకుండా చార్టు మార్చి ఉంటే, ఎనిమిదింటికి నర్సు గోడ చూసి 3.3 అని నొక్కేది. నేను కూడా నొక్కేదాన్నే. సరైన చార్టే ఆవిడని చంపేసి ఉండేది.

పెద్ద సిస్టర్ డాక్టరు గారికి ఫోన్ చేసింది. "సర్, చార్టులో తప్పుంది. సంతకం నాది" అంది. నా పేరు ముందు చెప్పలేదు.

డాక్టరు గారు ఇరవై నిమిషాల్లో వచ్చారు. ముగ్గురినీ మళ్లీ తూశారు, ఛాతీ విన్నారు, కాళ్లు నొక్కి చూశారు. ముగ్గురికీ వాపు ఉంది. డయాలసిస్ అయ్యాక తూసిన బరువులు ఏవని అడిగారు. పుస్తకం తెచ్చాం. టైలరు పేజీలో 58.0, 58.0, 58.0 అని ఐదుసార్లు ఉంది. డాక్టరు గారు ఒక్కసారి పేజీ చూసి, మా మొహాలు చూశారు. కుర్చీ వాళ్లు అలసిపోయి ఉంటారు, బయట ఆటో ఆగి ఉంటుంది, తర్వాతి బ్యాచ్ గుమ్మంలో ఉంటుంది. ఎలాగూ అంతే వస్తుందని డ్రై వెయిట్‌నే రాసేస్తాం. చాలాకాలంగా అలాగే జరుగుతోంది. ఒక్కరోజు నిజంగా తూసి ఉంటే మొదటి శనివారమే నా తప్పు బయటపడేది.

ఆ రోజు ముగ్గురికీ కొంతే తీసి, శుక్రవారం మళ్లీ పిలిపించి మిగతాది తీశారు. ముగ్గురూ ఇప్పుడు బాగున్నారు.

కండక్టరమ్మకి విషయం నేనే చెప్పాలని డాక్టరు గారు అన్నారు. వెళ్లి మంచం పక్కన నిలబడి చెప్పాను. పన్నెండు రోజులుగా ఆవిడకి నీరు తక్కువగా తీశామని, తప్పు నాదని. ఆవిడ వింటూ మెషీన్ మీది అంకెలే చూస్తోంది.

"నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసమ్మా?"

"ఎప్పుడూ రెండున్నర దాకా తీసేవాళ్లు. కిందటివారం నుంచి రెండుకి అటూ ఇటూ అయింది. అంకెలు చూడకుండా నాకు పొద్దుపోదు, బస్సు అలవాటు."

"మరి అడగలేదేం?"

"ఎట్టా అడుగుతా? నువ్వేగా నన్ను తిట్టావు, దొంగతనంగా నీళ్లు తాగుతున్నావని."

తిట్టాను అక్కా. ఆ మొదటి శనివారం తర్వాత మంగళవారం ఆవిడ తూకం పెరిగి వచ్చింది. మేం వదిలేసిన నీరే అది. నేను పదిమంది ముందు "ఇలా గ్లాసులకి గ్లాసులు తాగితే మేమేం చేస్తాం, చిన్నపిల్లవా?" అన్నాను. ఆవిడ రోజుకి నాలుగు గ్లాసుల నుంచి రెండుకి తగ్గించుకుందట. అయినా తూకం తగ్గలేదు. తర్వాత ఒకటిన్నర చేసుకుందట. పెదాలు తడుపుకోవడానికి తడిగుడ్డ పెట్టుకునేదట. తనే తప్పు చేస్తోందేమో, మతిమరుపులో తాగేస్తోందేమోనని కోడలి చేత బిందె మీద సుద్దతో గీత గీయించిందట.

క్షమించమన్నాను. ఆవిడ క్షమించాననలేదు. "ఆ లెక్క కాగితం ఇటు తే" అంది. ఫారం, నా చార్టు, రెండూ పక్కపక్కన పెట్టుకుని పెన్సిల్ అడిగింది. తన అంకెలు వేసుకుని రెండింటికీ జవాబులు రాసింది. చాలాసేపు చూసింది.

"ఈ ఒక్క గీతేనా?" అంది, మైనస్ మీద పెన్సిల్ పెట్టి.

"ఆ ఒక్కటే."

"ఇకనుంచి నా మెషీన్ నొక్కేముందు అంకె నాకు చెప్పండి. నేను వేసుకున్నదీ మీరు వేసుకున్నదీ కలిస్తేనే నొక్కాలి. దిగేటప్పుడు నన్ను తూయాలి. ఆటోవాడు అరిచినా సరే."

డాక్టరు గారు అది విని, అందరికీ అలాగే చేయమని కాగితం మీద రాసి సంతకం పెట్టారు.

టైలరు సంగతి. గుండె రక్తనాళం ఒకటి మూసుకుపోయిందని పెద్దాసుపత్రి వాళ్లు చెప్పారు. నిన్న ఆక్సిజన్ తీసేశారు, మాట్లాడుతున్నాడు. ఒంట్లో మిగిలిన నీటి వల్ల ఇది వచ్చిందా అని డాక్టరు గారిని అడిగాను. "కాదని రాయలేను, అవుననీ రాయలేను" అన్నారు. ఆ మాటతోనే బతకాలి కాబోలు. ఆయన భార్యకి చెప్పడానికి పెద్ద సిస్టరూ నేనూ కలిసి వెళ్లాం. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. "రాసివ్వండి" అంది. రాసిచ్చాం.

నన్ను మెషీన్ల దగ్గరికి వెళ్లొద్దన్నారు. స్టోరులో సామాను లెక్కపెడుతున్నాను. రేపు పదింటికి విచారణ. ముగ్గురు అధికారులు కూర్చుంటారట, టైలరు భార్య కూడా వస్తుందట. ఉద్యోగం ఉంటుందో పోతుందో, పోలీసుల దాకా వెళ్తుందో ఎవరూ చెప్పడం లేదు.

విచారణ సంగతి డ్రైవరు నీకు చెప్పాడట, సెలవు పెట్టి వస్తానని నువ్వు అతనితోనే చెప్పి పంపావు. రావద్దక్కా. నువ్వు ఆ గదిలో ఉంటే ప్రతి మాటకీ ముందు నీ మొహం చూస్తాను. వాళ్లు అడిగేది నన్ను. భయం వేస్తుంది, తెలుసు. వేసినా సరే, జవాబు నేనే చెప్తాను. అయ్యాక నీకు ఫోన్ చేస్తాను.

ఇట్లు,
నీ చెల్లి